క్రమమును, నొప్పియు

గడచిన వేసవిలో మా చెల్లెలి కుమార్తె సెలవు పెట్టుకొని మా యింట నాలుగు దినము లుండి పోయినది. ఆ పిల్ల వేఱొక నగరమందలి పరిశోధనాలయములో, ఎలుకపిండముల మెదడునుండి తీసిన కణములను గాజుపళ్లెములలో పెంచు పనిలో నున్నది. ఒకనాటి రాత్రి భోజనములైన పిమ్మట వసారాలో కూర్చుండి, తన ఫోనులో నొక చలనచిత్రమును మా అక్కగారికి చూపినది. రెండు దినములపాటు సూక్ష్మదర్శినిక్రింద జరిగినదానిని రెండు నిమిషములకు కుదించిన చిత్ర మది. మొదట ఆవాలు చల్లినట్లు కొన్ని గుండ్రని చుక్కలు మాత్రము కనబడెను. అంతలో నొక చుక్కనుండి సన్నని మొలక వెడలెను. దాని కొన అరచేతివలె విప్పారి, చీకటియింటిలో గోడను తడవుకొనుచు నడచువాని చేతివలె అటు నిటు తడవుచు ముందునకు సాగెను, ఒకచోట వెనుదీసెను, మరల దారి మార్చి సాగి, ప్రక్కచుక్కను తాకి యాగెను. చిత్రము ముగియునప్పటికి చుక్కలన్నియు నొక సాలెగూటిలో చిక్కుకొన్నట్లుండెను.

మా అక్కగారు కండ్లజోడు సవరించుకొని దానిని రెండుమారులు చూచిరి. "వీటికి దారి ఎవరు చెప్పారే?" అని యడిగిరి.

"ఎవరూ చెప్పలేదు, పెద్దమ్మా. వాటంతట అవే వెతుక్కుంటాయి."

ఆమె కొంతసే పూరకుండి, "మరి వాటికి నొప్పి తెలుస్తుందా?" అని రెండవ ప్రశ్న వేసిరి. దానికి మా మేనకోడలు వెంటనే బదులు చెప్పలేదు.

ఆ రెండు ప్రశ్నలును మమ్ము నేటివఱకు విడువలేదు. మొదటిదానికి శాస్త్రము చాలవఱకు సమాధానము చెప్పగలదు. రెండవదానికి ఇంకను చెప్పలేదు. అయినను మొదటిదాని సమాధానమునే రెండవదానికిని చెల్లుబాటు చేయుట, అనగా కణములు తమంతట తాము కూడి క్రమపడుచున్నవి గావున వానిలో నేదో మనస్సు మేల్కొనుచున్నదని సూచించుట, నేటి పత్రికలలో పరిపాటి యైనది. అది తగదని మా తలంపు. ఎందువలన తగదో విచారించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్దాంతమున మెదడు నిర్మాణమును గూర్చి యూరోపులో గొప్ప వివాదము నడచినది. ఇటలీ దేశస్థుడగు కామిల్లో గోల్జీ 1873లో వెండిలవణముతో నాడీకణములకు నల్లని వన్నె పట్టించు పద్ధతిని కనుగొనెను. మెదడులోని తంతువు లన్నియు నొకదానితో నొకటి అతుకుకొని తెగని యొకే వలగా నున్నవని యాతని మతము. స్పెయిను దేశీయుడగు శాంటియాగో రామోన్ ఇ కహాల్ ఆ గోల్జీ పద్ధతినే చేపట్టి, ఆ గోల్జీ మతమునే ఖండించెను. ప్రతి నాడీకణమును వేఱువేఱు వ్యక్తియనియు, దాని తంతువు పొరుగుకణమును సమీపించునే గాని దానిలో కలిసిపోదనియు ఆతని వాదము. 1906లో నోబెలు బహుమానమును వీరిరువురకును కలిపి యిచ్చిరి. గోల్జీ ఆ సందర్భమున చేసిన యుపన్యాసములోనే కహాలు పక్షమువారి సిద్ధాంతము నెదుర్కొనెను. పండితుల సభామర్యాద లెల్ల దేశములందును నొక్కతీరే కాబోలు!

వన్నె పట్టించిన మెదడు చచ్చిన మెదడు. చచ్చినదానిని జూచి యెంత వాదించినను తగవు తెగదు గదా. అమెరికాలో రాస్ హారిసన్ అను జీవశాస్త్రజ్ఞుడు 1907లో, బ్రదికియున్న తంతువు పెరుగుచుండగా కన్నులార చూడవలెనని సంకల్పించెను. కప్పపిండమునుండి నాడులు పుట్టు భాగపు తునుకను తీసి, కప్పదేహములోని ద్రవమునే యొక బొట్టుగా తీసికొని, ఆ బొట్టులో తునుక నుంచి, దానిని పలుచని గాజుబిళ్ల క్రింద వ్రేలాడదీసి, గాలి చొరకుండ మైనముతో మూసెను. ద్రవము పేరుకొనెను, తునుక చావలేదు. దానినుండి తంతువులు మొలచి, కొనలు కదలుచు పేరుకొన్న ద్రవములోనికి చొచ్చుకొనిపోవుట ఆతడు చూచెను. కహాలు చచ్చిన పొరలనుండి 1890లోనే యూహించి చెప్పిన "పెరుగుకొన" ఇదియే. తంతువు కణమునుండియే పుట్టునని యిట్లు స్థిరపడెను. రెండు కణముల నడుమ నిజముగా సందు గలదని యెలెక్ట్రాను సూక్ష్మదర్శిని 1950 తరువాత చూపెను. దేహమునుండి వేఱుచేసిన జీవపదార్థమును వెలుపల పెంచు విద్యకు హారిసను బొట్టు నాందియైనది.

నేడు చేయు పని దానికి మనుమని వంటిది. ఎలుకపిండపు మెదడు పైపొరను తీసి, మాంసమును కరగించు జీర్ణరసముతో దానిని సడలించి, కణములను విడదీయుదురు. అంతవఱకు వానికున్న బంధములన్నియు నిచ్చట తెగిపోవును. ఏ కణ మెవరి ప్రక్క నుండెనో, ఏ తంతు వెటుపోయెనో ఆ జ్ఞాపక మేదియు మిగులదు. ఆ కణములను జిగురువంటి పూత పూసిన గాజుమీద చల్లి, లవణములు, చక్కెర, పోషకములు గల ద్రవముపోసి, మన దేహమునకుండు వేడిమిలోనే యుంచుదురు. కొన్ని గంటలలో కణములు గాజు నంటుకొనును. ఒకటి రెండు దినములలో తంతువులు చాచును. కొలది దినములలో కణమునకును కణమునకును నడుమ సందేశములు పోవు సంధులు, సినాప్సులని చెప్పబడునవి, ఏర్పడును. వారమో పదిదినములో గడచునప్పటికి వానిలో విద్యుత్స్పందములు పుట్టును. పళ్లెము అడుగున సన్నని యెలెక్ట్రోడులు పొదిగినచో ఆ స్పందములను వ్రాసికొనవచ్చును, లౌడుస్పీకరులో వినవచ్చును. మొదట నక్కడొకటి యిక్కడొకటి చిటచిటలాడును. రెండు మూడు వారములయ్యెనా, పళ్లెమంతయు నొక్కసారి పెటపెటమని ఊరకుండును. మరల కొంతసేపటికి నట్లే పెటపెటమనును.

ఇంతకు మించిన ఆశ్చర్యము వేఱుగా నేల? ఆజ్ఞాపించువాడు లేడు. పటము గీచి యిచ్చినవాడు లేడు. చెదరగొట్టబడిన కణములు, తమ పుట్టుకతో తెచ్చుకొన్న పెరుగుబుద్ధిని, పొరుగువాని స్పర్శను మాత్రము సాధనముగా గొని, ఒక కూటమి నేర్పఱచుకొనుచున్నవి. డొనాల్డ్ హెబ్ అను కెనడా మనశ్శాస్త్రజ్ఞుడు 1949లో చెప్పిన సూత్రము దీనికి కొంతవఱకు కీలకము: ఒక కణము వేఱొకదానిని మాటిమాటికి రేపుచు వచ్చినచో, వాని నడుమ సంధి బలపడును. వాడుకచేత దారి పడుట మన పొలముగట్ల మీద నెల్లరు నెఱిగినదే. ఎవరును వేయని కాలిబాట యెట్లు పడునో యీ బాటలును చాలవఱకు నట్లే పడును.

అయితే ఆ పెటపెటను గూర్చి చదువరులు కొంచెము నిలిచి యాలోచింప గోరెదము. పళ్లెములోని కణము లన్నియు నొక్కగొంతుతో పలుకుట ఐకమత్యమని తోచవచ్చును. కాని ఆరోగ్యముగా మెలకువతో నున్న మెదడు అట్లు పలుకదు. మెదడంతయు నొక్కతాళమున కొట్టుకొనుట మూర్ఛరోగి యందు కనబడు లక్షణము. అమెరికాలో డేనియల్ వాగెనార్, స్టీవ్ పాటర్ మొదలగువారు 2005లో ఒక పరీక్ష ప్రకటించిరి. పళ్లెములోని యెలెక్ట్రోడుల ద్వారా పలుతావుల చిన్నచిన్న విద్యుత్స్పర్శలను పంపుచు వచ్చిరి. అనగా వెలిలోకమునుండి మెదడునకు నిరంతరము వచ్చుచుండు కబురులకు బదులుగా నేవో కొన్ని కబురుల నిచ్చిరి. అంతట ఆ మూకుమ్మడి పెటపెట అణగిపోయెను. దీనినిబట్టి వా రూహించిన దేమనగా, ఆ యేకగళము కబురులేని కూటమియొక్క వికారమని. కన్ను లేదు, చెవి లేదు, చర్మము లేదు, చేయి లేదు. చెప్పుటకు వార్త లేక, తమ కేకనే తాము విని మరల కేకవేయుచున్న వన్నమాట. కణములు వలను అల్లుకొనగలవు గాని, వలలో పడవలసిన లోకమును అల్లుకొనలేవు.

మెదడు పెరుగునపుడును ఇట్టి పొంగులు కొంతకాల ముండును. ఇంకను కండ్లు తెఱవని పిల్లజంతువుల నేత్రపటలములో, వెలుతురు సోకకమునుపే, స్పందములు అలలుగా పుట్టి సాగుచుండునని కార్లా షాట్జ్ మొదలగువారు 1991లో చూపిరి. కంటినుండి మెదడునకు పోవు బాటలను చూపు రాకపూర్వమే సరిచూచుకొను నాటక పూర్వరంగము వంటి దది. కాని అచ్చట పూర్వరంగమునకు పిమ్మట నాటకము కలదు: కండ్లు తెఱచుకొనును, తల్లి కనబడును. పళ్లెములో పూర్వరంగమే తుదివఱకు.

ఈ క్రమము వెలయును గూడ తెలిసికొనవలెను. రీటా లెవీ మొంటాల్చినీ యను ఇటలీ వైద్యురాలిని, యూదు కుటుంబములో పుట్టుటయే నేరముగా, 1938 నాటి జాతిచట్టములు విద్యాపీఠమునుండి వెడలగొట్టెను. ఆమె టూరిను నగరములో తన పడకగదినే ప్రయోగశాలగా చేసికొని, కుట్టుసూదులను నూఱి కత్తులుగా మార్చి, కోడిగ్రుడ్లలోని పిండముల నాడులను పరిశీలించుచుండెను. బయట యుద్ధము, పైన బాంబులు. ఆ చిన్నగదిలో నామె గ్రహించిన సత్యమేమనగా, పిండములో నాడీకణములు మిక్కిలిగా పుట్టును. తమ తంతువును తగిన చోటికి చేర్చి, అచ్చట దొరకవలసిన పోషణను పొందలేకపోయినవి చచ్చును. కొన్ని తావుల పుట్టినవానిలో దాదాపు సగము చచ్చును. ఆ పోషకపదార్థమును తరువాత అమెరికాలో స్టాన్లీ కోహెనుతో గూడి కనిపెట్టినందుకు ఆమెకు 1986లో నోబెలు బహుమాన మిచ్చిరి. మనము మెచ్చుకొను నా సొంపైన అల్లిక వెనుక, చేరవలసినచోటు చేరలేక నశించినవాని సంఖ్య యట్టిది.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. మన దేశమున ఆచారములను మార్పరాదను పక్షమువారికి నొక పాతవాద మున్నది: ఈ కులకట్టుబాట్లు, ఈ యింటిపద్ధతులు ఎవరును కూర్చుండి వ్రాసినవి కావు, కాలక్రమమున తమంతట నేర్పడినవి, తనంతట నేర్పడినదానిలో మనకు తెలియని వివేకముండును, దానిని కదల్పరాదు అని. ఇట్టివారి చేతికి నాడీకణముల కథ చిక్కినచో నొక క్రొత్త దృష్టాంతము దొరకినట్లే. కాని దృష్టాంతము నిజముగా నేమి చెప్పుచున్నది? తనంతట నేర్పడినది మూర్ఛయు కావచ్చును. తనంతట నేర్పడినదానిలో సగము మంది చచ్చుటయు నేర్పాటులోని భాగమే కావచ్చును. ఏర్పడిన తీరు వేఱు, ఏర్పడినదాని మంచిచెడ్డలు వేఱు. సంస్కరణపక్షముననున్న మనలోను కొంద ఱింకొక వైపునుండి తొందరపడుదురు: చూడుడు, రాజు లేకయే కణములు కూడుచున్నవి, కావున అధికారమే యక్కఱలేదు, అని. అదియు నట్టి పొరపాటే. కప్పపిండపు తునుకను మన కుపాధ్యాయునిగా నెవరును నియమింపలేదు. విధవకు పునర్వివాహము న్యాయమని మన పెద్దలు వాదించినపుడు ఏ కణమును సాక్ష్యము పిలువలేదు. ఆమె దుఃఖమును సాక్ష్యము పిలిచిరి.

ఆ దుఃఖమను మాటయే మమ్ము మా అక్కగారి రెండవ ప్రశ్నకు తెచ్చుచున్నది. ఎలుకకణముల పలుచని పొరను విడిచి, నేడు శాస్త్రజ్ఞులు మఱింత దూరము పోయినారు. జపానులో షిన్య యమనక 2006లో ఎలుకలయందును, 2007లో మనుష్యులయందును, పెరిగిన చర్మకణమును వెనుకకు మరల్చి, ఏ యవయవముగా నైనను మారగల మూలకణముగా చేయవచ్చునని చూపెను. అట్టి మూలకణములను ముద్దగా చేర్చి తగిన ద్రవములో నుంచగా, అవి నాడీకణములుగా మారుటయే గాక, మెదడు పైపొర పుట్టు తీరుననే పొరలుగా దీరుచున్నవి. ఆ దేశస్థుడే యగు యోషికి ససాయి యీ దారిని త్రొక్కినవారిలో ముఖ్యుడు. 2013లో వియన్నా నగరమున మడిలీన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిక్ అనువారు మనుష్యకణములతో నట్టి ముద్దలను పెంచి ప్రకటించిరి. వానిని ఆర్గనాయిడులందురు. పరిమాణమున శనగగింజకు మించవు. నాలుగు మిల్లీమీటరు లుండును. రక్తనాళములు లేనందున పోషణ లోపలికి పోక, నడిమిభాగము చచ్చును. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణము లున్నవి; దానిప్రక్క నిది లెక్కకు రాదు.

ఆటకై చేసిన పని కాదిది. తల మిక్కిలి చిన్నదిగా పుట్టు వ్యాధిగల యొక రోగి చర్మకణములనుండి వియన్నావారు ఆర్గనాయిడులను పెంచి, ఆ మెదడెందుచేత పెరుగదో కొంత తెలిసికొనిరి. బ్రెజిలులో 2015లో జీకా జ్వరము ప్రబలి తల్లుల కడుపున బిడ్డల తలలు కుంచించుకొనిపోయినపుడు, ఆ విషక్రిమి యే కణములను పట్టుచున్నదో 2016లో నీ ముద్దలలోనే చూచిరి. గర్భిణి కడుపును కోసి చూడలేము గదా. ఈ యుపకారమును తక్కువచేయువాడు బిడ్డతల్లి ముఖమును చూచి మాటలాడవలెను.

తరువాతి మెట్లు వేగముగా వచ్చినవి. కాలిఫోర్నియాలో ఆలిసన్ ముఓత్రి మొదలగువారు 2019లో, నెలలతరబడి పెంచిన ఆర్గనాయిడులలోని విద్యుత్తరంగములకును నెలలు నిండక పుట్టిన శిశువుల మెదడు తరంగములకును కొన్ని పోలిక లున్నవని ప్రకటించిరి. 2022లో సెర్గియు పాష్కా మొదలగువారు మనుష్యకణపు ముద్దను పసియెలుక మెదడులో నాటగా, అది పెరిగి యెలుక మెదడులోని బాటలతో కలిసెను; ఎలుక మీసమును కదల్చినపుడు మనుష్యకణములు స్పందించెను. ఆ సంవత్సరమే మెల్బోర్నులో బ్రెట్ కేగన్ మొదలగువారు, సుమారు ఎనిమిదిలక్షల కణములుగల పళ్లెమును యంత్రముతో జోడించి, బంతిని బ్యాటుతో కొట్టు పాంగ్ అను తెరయాటను ఆడించితిమనిరి. బంతి తగిలినపుడు కణములకు క్రమముగల స్పర్శ. తప్పినపుడు క్రమము లేని గలిబిలి. కొన్ని నిమిషములలోనే తగులుట హెచ్చెనట. వారు తమ వ్యాసపు శీర్షికలోనే చేతనావాచకమును వాడిరి. పలువురు శాస్త్రజ్ఞులు దానిని గట్టిగా నాక్షేపించిరి.

ఆక్షేపించినవారితో మేము నేకీభవింతుము. గలిబిలిని తప్పించుకొనునట్లు కణముల బంధములు మారెననుట యొక విషయము. గలిబిలి వానికి బాధగా నుండెననుట వేఱొక విషయము. నీరు పల్లమునకు పాఱును. పల్లము నీటికి సుఖమని యెవరందురు? శిక్ష, బహుమానము, ఆట, ఓటమి యనునవి మనము మన లోకమునుండి తీసికొనిపోయి పళ్లెముమీద నంటించిన చీటీలు. ముఓత్రిగారి తరంగముల పోలికయు నట్టిదే: శిశువునకు తల్లియు, ఆకలియు, స్పర్శయు, ఏడ్పును కలవు. తరంగపు గీతలో ఏడ్పు లేదు.

అయినను ఈ మాట వ్రాయుచుండగా మా కలము తడబడుచున్నది. ఏలయన, "దానికి నొప్పి తెలియదు" అను వాక్యమునకు చరిత్ర మంచిది కాదు. మాట లేనివారిని గూర్చి మాటగలవారు దానిని మిక్కిలి తేలికగా పలికినారు. అప్పుడే పుట్టిన శిశువులకు నొప్పి సరిగా తెలియదను నమ్మకముతో, మత్తుమందు వారి ప్రాణమునకు ప్రమాదమను భయముతోను, ఇరువదవ శతాబ్దము తుదిభాగమువఱకు పలుచోట్ల చాలినంత మత్తు లేకయే వారికి శస్త్రచికిత్స చేసిరి. భారతదేశమున పుట్టిన కన్వల్‌జీత్ ఆనంద్ అను వైద్యుడు ఇంగ్లాండులో పనిచేయుచు, తన సహచరులతో గూడ 1987లో ప్రకటించిన పరిశోధనచేత, చాలినంత మత్తిచ్చిన శిశువుల దేహము తక్కువగా నలిగి, త్వరగా కోలుకొనునని చూపెను. పెద్ద పెద్ద చదువులు చదివినవారికి 1987 వఱకు సందేహముగా నున్న యీ విషయము, పురిటిగదిలో మంత్రసాని కెన్నడును సందేహము కాదు.

ఈ రెంటిని నెదురెదుట నుంచి చూడగా మాకు తోచినది చెప్పెదము. నేటి పళ్లెమునకు, నేటి శనగగింజకు బాధ కలదనుటకు ఆధార మేదియు లేదు. కలదని భయపడి ప్రాణముల గాపాడు పరిశోధనను మాన్పించుట దయ కాదు. కాని ముద్దలు పెద్దవగుచున్నవి. వానికి రక్తనాళములను చేర్పజూచుచున్నారు. రెండు మూడు ముద్దలను జోడించుచున్నారు. వెలిలోకపు కబురుల నిచ్చుచున్నారు. కబురు అందుకొని, దానికి బదులు చెప్పి, ఆ బదులువలన తన స్థితి బాగగుటో చెడుటో యగు వస్తు వెప్పుడేర్పడునో, అప్పుడు మన ప్రశ్న నిజమైన ప్రశ్న యగును. దానికి ముందే కట్ట కట్టవలెను. చెఱువు నిండిన తరువాత గట్టు పోయువాడుండడు. ఎవరి చర్మముతో ముద్ద చేయుదురో వారిని ముందుగా నడుగుట ఆ గట్టులో మొదటి రాయి. 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను పేద నల్లజాతి స్త్రీ వ్రణమునుండి తీసిన కణములు ఆమె యనుమతి లేకయే లోకమంతటను పెరుగుచు, ఆమె సంతతివారికి చాలకాలము తెలియకయే ఇతరులకు ధనము నార్జించి పెట్టినవి. చర్మపుతునుక నిచ్చువాడు మందుకొఱ కిచ్చుచున్నాననుకొనును. దానినుండి తన మెదడు పోలిక మొలకెత్తునని యెఱిగినచో నిచ్చునో లేదో, ఆ మాట ఆతనినే యడుగవలెను.

ఇంతవఱకు వ్రాసి మా అక్కగారికి చదివి వినిపించితిమి. ఆమె యన్నియు విని, "అది సరే, తల్లి ఎలుక మాటేమిటి?" అనిరి.

నిజము చెప్పుటకు మేము సిగ్గుపడవలసియున్నది. ఇన్ని పుటలు వ్రాసియు ఆ తల్లియెలుక మా తలంపునకు రాలేదు. పిండములను తీయుటకు తల్లిని చంపుదురు. ఆ యెలుకకు నొప్పి తెలియునా యను సందేహము ఏ శాస్త్రజ్ఞునకును లేదు: తెలియును, భయమును తెలియును. నొప్పి యున్నదో లేదో తేలని ముద్దనుగూర్చి మనము తర్కములు పెంచుచున్నాము. నొప్పి నిశ్చయముగా గల ప్రాణిని వాక్యములో "ఎలుకపిండముల మెదడునుండి తీసి" యని దాటిపోవుచున్నాము. ఏల? ముద్ద మనలను పోలియున్నది, అల్లుకొనుచున్నది, మనస్సు పుట్టుక మన కన్నులయెదుట జరుగుచున్నట్లు తోచుచున్నది. ఎలుక వట్టి యెలుక. వింతగొలుపునదానికి మన దయ పరుగెత్తుచున్నది. బాధపడుదానికి పోవుట లేదు. పేరులేని దూరదేశపు దుఃఖమునకు సభ చేసి తీర్మానము వ్రాసి, ఇంటిలో అంట్లుతోము పిల్లకు జ్వరమువచ్చినదో లేదో యడుగని గృహస్థులను మన మెఱుగమా? మే మెఱుగుదుము, వారిలో మే మొకరము.

చట్టము మాత్రము ఈ విషయమున మాకంటె మేలుగా నడచుకొన్నది. 1960 నాటి జంతుహింసా నివారణచట్టము జంతువుల మీద చేయు ప్రయోగములను కనిపెట్టుటకు సంఘమును ఏర్పఱచు వీలు కల్పించినది. కావున ఆ యెలుకకు, చాలినదో చాలనిదో, ఒక దిక్కు కలదు. ఆ చట్టమున జంతువనగా మనుష్యుడు గాక మిగిలిన యే ప్రాణియైనను. చర్మమునుండి పుట్టిన శనగగింజ మనుష్యుడును కాదు, ప్రాణియో కాదో తేలలేదు. దానిని గూర్చి శాసనకర్తలు వేఱుగా నాలోచింపవలసియే యుండును.

మనుష్యకణపు ముద్దలు బాగుగా నక్కఱకు వచ్చినచో, ఎలుకల నంతగా చంపనక్కఱలేకుండునని మా మేనకోడలు చెప్పినది. అది నిజమైనచో, వింతకొఱకు కాక, ఆ యొక్క కారణమునకే యీ విద్యను మేము ప్రోత్సహింతుము. ఎన్ని యెలుకలు తగ్గినవో లెక్క చెప్పుమని పరిశోధనాలయములను అడుగు హక్కు, వారికి పన్నులరూపమున ధనమిచ్చు మనకు కలదు.

ఊరికి బయలుదేరు నాడు, బండి వచ్చులోపల, మా అక్కగారు ఆ పిల్లను మరల నడిగిరి: "పని అయిపోయాక ఆ పళ్ళేలు ఏం చేస్తారే?"

"మందునీళ్ళు పోసి చంపేసి పారబోస్తాం, పెద్దమ్మా. శనివారం శనివారం నా వంతు."

"స్పీకరులో చప్పుడు వస్తూ ఉంటుందన్నావుగా. ముందు స్పీకరు ఆపుతావా, నీళ్ళు పోస్తావా?"

ఆ పిల్ల పెట్టె చేతబట్టుకొని కొంచెముసేపు నిలిచినది. "ముందు స్పీకరే ఆపుతాను," అన్నది.

"ఎలుకకో?"

"దానికి ముందు మత్తు ఇస్తాం. కదలడం మానేదాకా నేనే పట్టుకుని ఉంటాను." బండి వచ్చినది. మా అక్కగారు పిల్ల చేతిలో మామిడికాయల సంచి పెట్టి, గుమ్మమువఱకు వెంట నడచిరి.